సమస్య: ఆరుతో గుణించిన నంకె లవియె మిగిలె

పర్లాకిమిడి నుంచి:
ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాను. పిల్లలకు లెక్కలు చెబుతుంటే తట్టింది. ఆరుతో హెచ్చవేసినా అంకెలు మారకపోవడమే ఇందులో చిక్కు.

రాయగడ నుంచి:
మాస్టారూ, నా ఎత్తుగడ ఇది: "ఏమి లేనట్టి సున్నకు నేమి మార్పు".

పర్లాకిమిడి నుంచి:
పాదం బాగా నడిచిందమ్మా. కానీ సమస్యలో 'అంకెలు' అని బహువచనం ఉంది, సున్న ఒక్కటే అంకె కదా.

బరంపురం నుంచి:
శశియు వేద నయన వసు శర గిరులను
వరుస గూర్చిన సంఖ్యను పలకపైన
వ్రాసి చూచితి నే నిట్లు బాగుగాను
ఆరుతో గుణించిన నంకె లవియె మిగిలె

శశి ఒకటి, వేదాలు నాలుగు, నయనాలు రెండు, వసువులు ఎనిమిది, శరాలు ఐదు, గిరులు ఏడు; అంటే 142857. దాన్ని ఆరుతో గుణిస్తే 857142.

గుణుపురం నుంచి:
లెక్క సరే, పద్యం వేరే సంఖ్య చెబుతోంది బాబూ. భూతసంఖ్యలను, అంటే అంకెలకు బదులు వాడే ఇలాంటి మాటలను, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదవాలి, 'అంకానాం వామతో గతిః' అంటారు. మీ వరుస అలా చదివితే 758241. దాన్ని ఆరుతో గుణిస్తే 4549446, ఏకంగా ఏడంకెలు! మూడో పాదంలో 'ఇట్లు', 'బాగుగాను' రెండూ గణాల కోసం వచ్చినవే. అంత చోటు వృథా చేసి, అంకెలు ఎలా మిగిలాయో చెప్పకుండా వదిలేశారు.

బరంపురం నుంచి:
నిజమేనండీ. నేను చదివింది ఒడియా మీడియం, పద్యం మా అమ్మమ్మ నేర్పింది. వామగతి సంగతి ఇప్పుడే తెలిసింది. తిరగరాశాను. చివర శశి పెడితే యతి కుదరక, ఒకటికి ధరణిని తెచ్చాను.

గిరి శర వసు నయన వేద ధరణి యనగ
వామగతిఁ జదివిన సంఖ్య వరుసలోన
చోటు మారుచుఁ జక్రమై చుట్టు దిరిగె
ఆరుతో గుణించిన నంకె లవియె మిగిలె

పర్లాకిమిడి నుంచి:
గిరి–ధరణి ప్రాసయతి హాయిగా ఉంది. 'చక్రమై' అన్న మాట నాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అది అలంకారం కాదు, అసలు కారణమే. ఒకటిని ఏడుతో భాగిస్తూ పొండి. దశాంశాల్లో 142857 మళ్ళీ మళ్ళీ వస్తుంది. శేషాలు 1, 3, 2, 6, 4, 5 వచ్చి మళ్ళీ 1 దగ్గరికే చేరతాయి. ఆరుతో గుణించడమంటే అదే చక్రంలో శేషం 6 దగ్గర ఎక్కడం. రెండు నుంచి ఆరు దాకా దేనితో గుణించినా ఇంతే. ఏడుతో గుణిస్తే మాత్రం చక్రం ఆగి 999999 అవుతుంది. పద్యం మొదటి మాట 'గిరి' కూడా ఏడే కావడం చూసి ముచ్చటేసింది.

రాయగడ నుంచి:
మాస్టారూ, రాత్రంతా ఇదే ధ్యాస. ఒకటిని పదిహేడుతో భాగించి చూశాను. 0588235294117647, పదహారంకెల చక్రం. ఆరుతో గుణిస్తే 3529411764705882. అవే అంకెలు! కాకపోతే ముందున్న సున్నను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నా సున్నకు చోటు దొరికింది. పదహారు భూతసంఖ్యలను మూడు పాదాల్లో ఇమిడ్చి రేపు పంపిస్తాను, వామగతిలోనే.