ఆఫీసు హాలిడే పార్టీకి పట్టుచీర కట్టొచ్చా? చికాగోకి కొత్త

అక్కలూ అన్నలూ, మాది అనంతపురం, ఆగస్టులో చికాగో వచ్చినా. డిసెంబర్లో ఆఫీసు పార్టీ ఏదో హోటల్లో అంట, ఫెస్టివ్ కాక్‌టెయిల్ అటైర్ అని రాసినారు, ఏం వేసుకోవాల్నో అర్థం కాలా. టీమ్ వాళ్ళది వేరే ఇంకోటుంది, అగ్లీ స్వెటర్ పార్టీ. నవంబర్ ఆఖర్లో మా పిన్ని కొడుకు వస్తాండాడు, అమ్మతో ఏమన్నా పంపించమని చెప్పాల్నా, ఈడనే గౌను కొనుక్కోవాల్నా?

ధర్మవరం అక్క:
గౌను ఎందుకు చెల్లీ, చీరనే కట్టు. కాక్‌టెయిల్ అంటే పెళ్ళి రిసెప్షనంత కాదు, ఆఫీసుకు పోయినట్టూ కాదు, మధ్యరకం. ఈడోళ్ళు వెల్వెట్టు, మెరుపులు, ముదురు ఆకుపచ్చ, మెరూన్ వేస్తారు, సగంమంది నలుపే. పండగపూట నల్లది కడితే మన అమ్మలు ఊరుకోరు గానీ ఈడ ఎవురూ ఏమనుకోరు. ధర్మవరం చీరైతే పెళ్ళికూతురు కట్టే జానెడు అంచుది వద్దు, బరువుకి నువ్వు కూర్చోలేవు లేవలేవు, సన్నంచుది పంపమను. ఎర్రచీరకి పచ్చ అంచు ఉందా ఇంట్లో? మన పెద్దోళ్ళకి అది మామూలు రంగే, ఈడ మాత్రం అచ్చం క్రిస్మస్ రంగులు, ఏమీ కొనకుండానే పండగకి తయారైనట్టు.

రవిక సంగతి ముఖ్యం. మోచేతి దాకా లేదా ఫుల్ చేతులు, లైనింగ్ వేసి ఆడనే కుట్టించి పంపమను, ఈడ కుట్టుకూలికి ఇంకో చీర వస్తాది. ఫాలూ పీకో కూడా ఆడనే అయిపోవాల. లంగా కింద లోపల ఊలున్న లెగ్గింగ్స్ వేసుకో, ఎవురికీ కనపడవు. పైన మరీ ఎక్కువ తొడగొద్దు, లోపల హీటర్లు ఉంటాయి, చెమటలు పడతాయి.

కోటు మోకాళ్ళ కిందికి ఉండాల, జిప్పు కంటే గుండీలది మేలు, జిప్పుకి జరీ పోగు తగులుకుంటే లాగేకొద్దీ వస్తానే ఉంటాది. హీటర్ గాలి పొడిగా ఉండి చీర కాళ్ళకి అతుక్కుంటాది, బట్టలారబెట్టే డ్రయర్‌లో వేసే షీటు ఒకటి లంగాకి లోపల రుద్దు, సరిపోతాది. సెంటు చీర కట్టకముందే కొట్టుకో, కట్టినాక కొడితే జరీ నల్లబడతాది.

ప్రొద్దుటూరు తమ్ముడు:
అక్కా, మంచు సంగతి చెప్పలేదు చూడు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, చెప్పులకీ చీర కొసలకీ తెల్లగా పట్టేస్తాది. కుచ్చులు ఎత్తి నడుముకాడ దోపుకొని స్నో బూట్లతో పోవాల, మంచి చెప్పులు సంచిలో పెట్టుకొని హోటల్లోపల మార్చుకోవాల. కోటు తీసుకొని టోకెన్ ఇచ్చే కౌంటర్ ఉంటే బూట్ల సంచి కూడా ఆడనే ఇచ్చేయ్, ఒకటి రెండు డాలర్లు టిప్పు చేతిలో పెట్టుకో. నగలు మాత్రం హారమైతే హారం, బుట్టకమ్మలైతే బుట్టకమ్మలు, రెండూ వద్దు. మా ప్రొద్దుటూరోళ్ళకి బంగారం తక్కువ పెట్టుకోమంటే కష్టమేలే.

కర్నూలు అన్న:
మగపిల్లోళ్ళు కూడా చదువుతాంటారు కాబట్టి ఒక మాట. కొత్త కోటు వెనక చీలికకి ఎక్స్ ఆకారంలో కుట్టిన దారం, చేతి మీద కంపెనీ లేబులు, రెండూ కత్తిరించి పడేయండి. శానామంది మనోళ్ళు పార్టీ అయ్యేదాకా దాంతోనే తిరుగుతాంటారు. పెళ్ళికి కుట్టించిన మెరిసే సూట్ కంటే ముదురు రంగు కోటు, దాంట్లోకి ఎమ్మిగనూరు చేనేత చొక్కా వేస్తే బో ఉంటాది.

అనంతపురం పిల్ల:
థాంక్సక్కా. మరి అగ్లీ స్వెటర్ దానికి?

ధర్మవరం అక్క:
దానికి చీర వద్దే తల్లీ. గుడ్‌విల్ అని వాడిన సామాన్లమ్మే అంగడి ఉంటాది, ఆడ పాత స్వెటర్లు తక్కువకి దొరుకుతాయి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటే అంత మెచ్చుకుంటారు, గొర్రెబొమ్మలు, గంటలు, వెలిగే లైట్లున్నా సరే. అది ఎవురింట్లోనో అయితే బూట్లు గుమ్మంకాడ విప్పించొచ్చు, చిల్లుల్లేని సాక్సులు వేసుకొని పో.