పాజిటివ్‌గా ఆలోచిస్తే పని నిజంగా మెరుగుపడుతుందా?

ప్రశ్న (రాయగడ)

నమస్కారం. నేను రాయగడలో ఒక ప్రైవేటు రుణ సంస్థ శాఖలో వసూళ్ల పని చూస్తున్నాను. పల్లెల్లో మహిళా సంఘాల వాయిదాలన్నీ సక్రమంగా వసూలైన రోజున కూడా, కట్టలేకపోయిన ఒక్క సభ్యురాలి మాటే నిద్ర పట్టేదాకా తలలో తిరుగుతోంది. మరునాడు బండి తీసేసరికే నీరసం ఆవరిస్తోంది. సోమవారం సమీక్షలో మాత్రం ‘పాజిటివ్‌గా ఆలోచించండి, టార్గెట్ దానంతట అదే వస్తుంది’ అంటున్నారు. మనసును అలా మలచుకోవడం సాధ్యమేనా, అందువల్ల పని నిజంగా మెరుగుపడుతుందా అన్నది తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (పర్లాకిమిడి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

బాబూ, పని మెరుగుపడుతుందనడానికి ఆధారం ఉంది. ఇంగ్లండులో ఆస్వాల్డ్, ప్రోటో, స్గ్రోయి అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన ప్రయోగాలలో కొందరికి హాస్య దృశ్యాలు చూపించి, ఆ తరువాత రెండంకెల సంఖ్యల కూడికలు చేయించగా, మనసు తేలికపడినవారు మిగిలినవారికన్నా దాదాపు 12 శాతం ఎక్కువ పని చేశారు. అయితే ‘సంతోషంగా ఉండు’ అని ఆజ్ఞాపిస్తే ఎవరికీ సంతోషం రాదు, అది అలవాటు వల్ల రావాలి. మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2005లో వెలువరించిన అధ్యయనంలో, ఒక వారం పాటు ప్రతి రాత్రీ ఆనాడు సవ్యంగా జరిగిన మూడు విషయాలను కారణాలతో సహా రాసినవారిలో సంతోషం పెరిగి, దిగులు తగ్గి, ఆ మార్పు ఆరు నెలల దాకా నిలిచింది. వారం ముగిశాక కూడా తమంతట తాము రాస్తూ వచ్చినవారికి మరింత మేలు జరిగింది.

ఇందులో కారణం రాయడమే ప్రాణం. ‘ఈ రోజు బాగా గడిచింది’ అని రాస్తే ప్రయోజనం లేదు. ‘తడిసిన పాసుపుస్తకం పట్టుకొచ్చిన ముసలమ్మకు లెక్కంతా ఒడియాలో చదివి వినిపించాను, నేను తొందరపడకపోవడం వల్ల ఆమెకు నమ్మకం కుదిరింది’ అని రాయండి. అప్పుడు మీ చేతిలో ఉన్నదేమిటో మీకే కనబడుతుంది.

సమాధానం (బరంపురం, ఆసుపత్రి నర్సు)

మాస్టారు చెప్పింది నిజమే, కానీ మీ సమీక్షలో చెబుతున్నది అది కాదు. అంతా సజావుగా జరిగిపోతుందని ఊహించుకుంటూ కూర్చుంటే శ్రమించే ఉత్సాహం తగ్గుతుందని గాబ్రియెల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనలు చెబుతున్నాయి. కోరినదాన్ని తలచుకున్న వెంటనే, దానికి అడ్డొచ్చేదేమిటో కూడా తలచుకోవాలని ఆమె సూచన. ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే నిర్ణయించుకునే పద్ధతిని పీటర్ గోల్‌విట్సర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. రోగి బంధువులు కేకలు వేస్తే ముందు రోగి నాడి చూసి, ఆ తరువాతే జవాబు చెప్పాలని నేను నిర్ణయించుకున్నాక నా చేతులు వణకడం తగ్గింది. మీరు కూడా ‘ఎవరైనా ఈ వారం కట్టలేనంటే, కారణమూ కట్టగల తేదీ అక్కడే రాసుకుంటాను’ అనుకుని బయలుదేరండి. కాగితం మీద పెట్టిన సంగతిని రాత్రంతా మనసులో మోయనక్కరలేదు.

సమాధానం (జయపురం)

తమ్ముడూ, పై ఇద్దరి మాటలూ ఆచరించదగినవే, అయినా భారమంతా ఉద్యోగి మనసు మీదే వేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. ఒత్తిడి ఎక్కువగా ఉండి, పని ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నచోట మనుషులు ఎక్కువగా కుంగిపోతారని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చూపారు. కాబట్టి ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలో మిమ్మల్నే నిర్ణయించుకోనివ్వమని అడగండి. వానాకాలంలో గెడ్డ పొంగే ఊరికి ఎప్పుడు వెళ్లాలో ఆఫీసులో కూర్చున్నవారికన్నా మీకే బాగా తెలుస్తుంది. నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలు దాటితే మాత్రం ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో గానీ ఒడియాలో గానీ మాట్లాడవచ్చు.

ప్రశ్న వేసినవారు (రాయగడ)

అందరికీ కృతజ్ఞతలు. ఊళ్లు తిరిగే వారాల్లో ఇంటికి చేరేసరికే రాత్రవుతుంది. మాస్టారూ, వారానికొకసారి రాసినా ఫలితం ఉంటుందా?

సమాధానం (పర్లాకిమిడి)

ఉంటుంది బాబూ. ఎమన్స్, మెకల్లౌ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో వెలువరించిన అధ్యయనాలలో కొందరిచేత వారానికొకసారి, మరికొందరిచేత రోజూ వారి వారికి కలిగిన మేళ్లను రాయించారు, రెండు విధాలుగానూ మేలు కనబడింది. ఆదివారం పొద్దున్న తీరిగ్గా కూర్చుని రాయండి, సోమవారం సమీక్షకు వెళ్లే ముందు ఒకసారి చదువుకోండి.