జులై పిక్నిక్‌కి రొయ్యల సలాడ్, మామిడి పుచ్చకాయ డ్రింక్: ఎవరెవరు ఏం పట్టుకుంటారు?

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను, ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, మీకు న్యూజెర్సీలో ఉదయం పదకొండు అయి ఉంటుంది. నా సెలవు ఇంకో పది రోజులుంది, నేను దిగేసరికి పిక్నిక్‌కి మూడు వారాలే మిగులుతాయి కాబట్టి సలాడ్ సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. పోయినసారి మీటింగ్‌లో రొయ్యల వేపుడు, పకోడీ అని కొందరన్నారు. ఆ ఎండలో నూనె మూకుడు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మధ్యాహ్నమంతా నిలబడిపోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. చల్లటి రొయ్యల సలాడ్, పక్కన చిక్కటి పళ్ల డ్రింక్, రెండూ ఇంట్లోనే తయారుచేసి తెచ్చుకుంటే పార్కులో అందరం కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సలాడ్ అంటే మయోనీజ్ వేసి కలిపేది కాదు, మన ఊరి రుచి ఉండాలి. అందుకే ఆవ పెడదాం అంటున్నాను. పనసపొట్టుకి, అరటికాయకి ఆవ పెడతాం కదా, అదే ఆవ, కొంచెం పల్చగా, నిమ్మరసంతో. మొన్న ఇంట్లో చేసి చూశాను, పచ్చిమామిడి తురుముతో కలిపితే రొయ్యకి ఇంత బాగా పట్టేది ఇంకోటి లేదనిపించింది.

బొబ్బిలి వదిన:
ఆలోచన బాగుంది గానీ పోయినేడాది జరిగింది గుర్తుందా? సగం రొయ్యలు రబ్బరులా సాగాయి, సగం లోపల పచ్చిగా ఉన్నాయి, చివరికి దబరా మొత్తం పారబోశాం. పిల్లలున్న చోట నాకు చాలా టెన్షన్.

నేను:
వదినా, అది నా పనే, నాకు బాగా గుర్తుంది. పది పౌన్లూ ఒకే గుండిగలో పోసేశాను, నీళ్లు ఒక్కసారిగా చల్లారిపోయాయి, మళ్లీ మరిగేసరికి అడుగున ఉన్నవి ఎక్కువ ఉడికాయి, పైనవి ఉడకలేదు. ఆ పైన అన్నీ లోతు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో తోశాను, మధ్యలోవి గంటల తరబడి వెచ్చగానే ఉండిపోయాయి. ఈసారి అలా కాకుండా చేయడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కదా, అది అయిపోయి బోట్లు వెళ్లడం మొదలైంది, మొన్న పొద్దున్నే పిన్నితో కళింగపట్నం వెళ్లాం. అక్కడ రొయ్యలు ఒలిచే ఒకావిడ పక్కన అరగంట కూర్చున్నాను. తల తుంచి, బొటనవేలి గోరు కాళ్ల వైపు నుంచి దూర్చి ఒక్క తిప్పుతో పెంకు మొత్తం ఊడదీసేస్తోంది. తర్వాత వీపు మీద కత్తి మొనతో సన్నగా గీసి నల్లటి నరాన్ని తోక దగ్గర పట్టుకుని లాగితే తెగకుండా దారంలా వచ్చేసింది. ఎంతసేపు ఉడకబెడతారని అడిగితే నా మొహంలోకి చూసి, "ఉడకబెట్టడమేటమ్మా, రంగు తిరగ్గానే దింపేయాల" అంది. నేను ఇంటికొచ్చి అలాగే చేశాను. బూడిద రంగు పోయి ఎర్రజీర తేలి, లోపలి అద్దంలాంటి మెరుపు తెల్లబడిన క్షణాన దించేస్తే కొరికినప్పుడు కరకరమనీ ఉంది, రసమూ ఉంది. వంకర కూడా గమనించండి, కొడవలిలా వంగితే సరిగ్గా ఉడికినట్టు, తోక తలను తాకేలా గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ఎక్కువైపోయినట్టు. అనుమానం ఉన్నవాళ్లు మాంసానికి పెట్టే థర్మామీటర్ గుచ్చి 145 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

పలాస తమ్ముడు:
అక్కా, ఎన్ని కొనాలి? ఇక్కడ కవర్ మీద 31/40 అని, 16/20 అని రకరకాలుగా ఉంటాయి. మన ఊళ్లో 40 కౌంట్ అంటే పెద్దవే కదా, ఇక్కడ 31/40 చూస్తే చిన్నవిగా కనిపించాయి.

నేను:
మంచి ప్రశ్న తమ్ముడూ, చాలామంది ఇక్కడే తికమక పడతారు. మన చెరువుల దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క, అమెరికాలో పౌనుకి ఎన్ని అన్న లెక్క, పౌను అంటే 453 గ్రాములే. అందుకే ఒకే అంకె ఉన్నా అక్కడి రొయ్య మన రొయ్యలో సగం కంటే తక్కువ తూగుతుంది. మనకి 31/40, అంటే పౌనుకి 31 నుంచి 40 తూగేవి చాలు, పెంకు తీసి నరం తీసినవి, పచ్చివే, ఉడికించినవి వద్దు. రొయ్యలు తినేవాళ్లు తొంభై మంది తేలారు, 2 పౌన్ల కవర్లు 8 తీసుకుంటే మనిషికి ఆరేసి వస్తాయి, దోసకాయ, మామిడి, మొక్కజొన్న కలిశాక అది నిండైన వడ్డన.

కొనేటప్పుడు కవర్ వెనక తిప్పి చదువు. రొయ్యలు, ఉప్పు అని మాత్రమే ఉంటే మంచిది. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని రాసి ఉంటే అది నీళ్లు పట్టి ఉంచే మందు, ఉడికేటప్పుడు ఆ నీరంతా వదిలేస్తుంది, ఆవ పల్చబడిపోతుంది. ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా అని ఉంటే మన వైపు చెరువుల్లో పెరిగిన వెనామీ రకం రొయ్యే కావచ్చు. ఊరి రొయ్య అన్ని వేల మైళ్లు దాటి మన కంచంలోకి వస్తోందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

టెక్కలి మావయ్య:
వచ్చేటప్పుడు ఓ డజను సువర్ణరేఖ మామిడి పళ్లు పట్టుకురామ్మా, డ్రింకుకి అవే వేద్దాం. ఆ ఎర్ర భుజాల పండు చూసి నాలుగేళ్లయింది.

నేను:
మావయ్యా, పళ్లు సూట్‌కేసులో తేనివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. 2007 నుంచి మన మామిడిని అమెరికా రానిస్తున్నారు గానీ అది రేడియేషన్ చేయించి పెట్టెల్లో వచ్చే సరుకే. మీ కోసం భీమాలి మామిడి తాండ్ర తెస్తున్నాను, కస్టమ్స్ వాళ్లకి చెప్పి చూపించే తెస్తాను. సన్నగా దారాల్లా కోసి డ్రింకు పైన వేద్దాం, పిల్లలకి అదే గుర్తుండిపోతుంది. ఉద్దానంలో మా వాళ్ల ఇంటి కొబ్బరి కూడా ఉంది. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో పడిపోయిన చెట్ల చోట నాటినవి ఇప్పుడు కాపుకొచ్చాయి. ఆ కాయలు మాత్రం మీదాకా రావు, సలాడ్‌లో ముక్కలకి అక్కడి కొబ్బరే కొనుక్కుందాం.

ఇక డ్రింకు. పార్కులో కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు, కాబట్టి మిక్సీ పని ఇంట్లోనే అయిపోవాలి. 850 గ్రాముల మామిడి గుజ్జు టిన్ను ఒకటి, గింజలు తీసి తిప్పి వడకట్టిన పుచ్చకాయ రసం 2 లీటర్లు, రెండు నిమ్మకాయలు, వేలి కణుపంత అల్లం, చిటికెడు ఉప్పు. దీంతో దాదాపు 3 లీటర్లు వస్తుంది. గుజ్జులో చక్కెర ముందే ఉంటుంది, ఇంకేమీ వేయొద్దు. మొత్తం 30 లీటర్లు అనుకుంటే పది టిన్నులు, ఐదు పెద్ద పుచ్చకాయలు. ఐసు వేసి తిప్పితే పదినిమిషాల్లో నీళ్లైపోతుంది, అందుకని పుచ్చకాయ రసంలో సగాన్ని ముందురోజే జిప్ కవర్లలో పల్చగా పరిచి గడ్డ కట్టించి, పొద్దున ఆ పలకల్ని విరిచి మిక్సీలో వేయాలి. చిక్కదనం అక్కడే వస్తుంది. పెరుగు, పాలు వద్దు, అవి పడనివాళ్లున్నారు.

అనాసపండు కలపాలని ఎవరో రాశారు. డ్రింకులో వేస్తే వేయండి గానీ సలాడ్‌లో మాత్రం వద్దు. ఉడికించని అనాసలో మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైమ్ ఉంటుంది, రొయ్యలు అందులో కాసేపు ఉంటే మెత్తగా పిండిలా అయిపోతాయి. పచ్చి బొప్పాయీ అంతే. అలాగే నిమ్మరసంలో నానితే రొయ్య తెల్లబడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది గానీ క్రిములు చావవు, ఉడకబెట్టాకే నిమ్మరసం.

ముంజలు కావాలంటే ఆసియా కొట్లలో టిన్నుల్లో తాటి ముంజలు దొరుకుతాయి, చక్కెర పాకంలో ఉంటాయి. పక్కనే చిన్నగా, గాజులా కనబడే ఇంకో గింజ టిన్ను ఉంటుంది, అది నీపా అనే ఇంకో తాటిజాతి చెట్టుది, ముంజ కాదు. పేరు చదివి తీసుకోండి.

బొబ్బిలి వదిన:
ఆవ కొలత చెప్పు. నేను చేస్తే ఒక్కోసారి చేదొస్తుంది.

నేను:
రెండు పౌన్ల రొయ్యలకి చెబుతాను వదినా. ఆవాలు రెండు చెంచాలు గంటసేపు నానబెట్టి, పచ్చిమిర్చి రెండు, కాస్త అల్లం, ఉప్పు వేసి చల్లటి నీళ్లతోనే నూరాలి. వేడి నీళ్లు పోస్తే ఘాటు పుట్టదు. నూరాక పది నిమిషాలు వదిలేస్తే ముక్కుకెక్కే ఘాటు వస్తుంది, అప్పుడు రెండు నిమ్మకాయల రసం పిండితే ఆ ఘాటు అక్కడే నిలబడుతుంది. తర్వాత మూడు పెద్ద చెంచాల నువ్వుల నూనె. మిక్సీని ఎక్కువసేపు తిప్పి వేడెక్కించకు, నీకు చేదు అక్కడే వస్తున్నట్టుంది. దోసకాయ, ఉల్లి, పచ్చిమామిడి తురుము, కొత్తిమీర అన్నీ పార్కులోనే కలుపుదాం, ముందే కలిపితే ఉప్పుకి నీరూరి గిన్నె అడుగున చెరువవుతుంది.

వెజ్ వాళ్లకి ఇదే ఆవతో ఉడికించిన సెనగలు, మొక్కజొన్న. అది ముందు చేసి మూత పెట్టేసి, వేరే చాకు, వేరే గరిట, వేరే బల్ల. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను. పోయిన పిక్నిక్‌లో ఒక పెద్దావిడ గరిట ఒకటేనేమోనని అనుమానం వచ్చి ఏమీ తినకుండా కూర్చున్నారు, అది నాకిప్పటికీ బాధే. బోర్డు మీద రొయ్యలు, ఆవాలు, నువ్వుల నూనె అని పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలి. నువ్వులు కూడా 2023 జనవరి నుంచి అమెరికాలో ముఖ్యమైన అలర్జీ సరుకుల జాబితాలో చేరాయి. పలాస జీడిపప్పు వేయించి తెస్తాను గానీ అది విడిగా గిన్నెలోనే, కావలసినవాళ్లు పైన చల్లుకుంటారు.

పనులు ఇలా అనుకుంటున్నాను, మార్చాలంటే చెప్పండి. శనివారం పిక్నిక్. గురువారం రాత్రి కవర్లు ఫ్రీజర్‌లోంచి తీసి కింది ఫ్రిజ్‌లోకి, మూడు ఇళ్లలో పంచుకుని. శుక్రవారం సాయంత్రం ఉడకబెట్టడం, నేను, వదిన, ఇంకో ఇద్దరు కావాలి. ఒక్కో విడతకి రెండు పౌన్లే, బాగా మరిగే ఉప్పునీళ్లలో రెండు మూడు నిమిషాలు, వెంటనే ఐసు నీళ్లలో ఒక ముంచు, జల్లెడలో వార్చి, పొడి గుడ్డతో అద్ది, వెడల్పు ట్రేల్లో ఒకే వరసగా పరిచి ఫ్రిజ్‌లోకి. పోయినేడాదిలా లోతు గిన్నెలు ఎవరూ తీయొద్దు.

శనివారం పొద్దున డ్రింకు టీమ్, మావయ్య ఇంట్లో ఎనిమిదింటికి, మిక్సీలు మూడు చాలు. పార్కులో సలాడ్ గిన్నెని ఐసు పరిచిన పెద్ద ట్రేలో కూర్చోబెట్టాలి, విడతకి పాతికమందికి సరిపడానే బయట పెట్టి మిగతాది కూలర్లో ఉంచాలి. మామూలుగా ఇలాంటివి రెండు గంటలు బయట ఉండొచ్చు గానీ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో గంటే. జులైలో అక్కడ 90 దాటడం మామూలే, కాబట్టి గంట లెక్కే పెట్టుకుందాం. గడియారం చూసుకునే పని ఒకరికి అప్పగించాలి, గంట దాటింది ఎంత మిగిలినా పారేసేయాలి.

టెక్కలి మావయ్య:
గడియారం నేను చూస్తాను. పారేయమంటే మొహమాటపడను.

నేను:
సరే మావయ్యా, మీకే. రొయ్యల కూలర్, డ్రింకు కూలర్ వేరువేరుగా ఉండాలి. డ్రింకుది పిల్లలు పదిసార్లు తెరుస్తారు, రొయ్యలది తెరిచిన ప్రతిసారీ చల్లదనం పోతుంది. పలాస తమ్ముడూ, నీ దగ్గర పెద్దవి ఎన్ని ఉన్నాయో రాత్రికి చెప్పు, ఆ లెక్క చూసుకునే ఐసు కొందాం. శుక్రవారం ఉడకబెట్టడానికి రాగలిగిన ఇంకో ఇద్దరు కింద పేరు రాయండి.