పత్తి ఆకుల మీద మచ్చలు, మందు కొట్టినా ఆగట్లేదు

నల్లరేగడి: పొద్దుటి నుంచి ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నా. ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతున్నారు. పత్తి ఆకుల మీద మచ్చలు. మందు కొట్టాను, తగ్గలేదు సరికదా పక్క సాళ్లకూ పాకుతోంది. కాయ పడే దశ, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం కొట్టాలి?

చేనుగట్టు: కొట్టింది ఏ మందు? మచ్చ ఎలా ఉంది?

విత్తనశుద్ధి: ఇది బాక్టీరియా తెగులులా ఉంది, అసలు సంగతి విత్తనం దగ్గర ఉంది. గింజ మీది నూగును గంధకామ్లంతో తీసి, నీళ్లతో బాగా కడిగి వేస్తే పైనున్న బాక్టీరియా చాలావరకు పోతుంది. కిందటి పంట మోళ్లు చేలో వదిలేస్తే వాటిలోనూ బతికి ఉంటుంది. మొలకలో ఒకసారి అంటుకుంటే చాలు, వాన చినుకులే చేనంతా చల్లుతాయి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

నల్లరేగడి: విత్తి నెలలైంది అన్నా, ఇప్పటి సంగతి చెప్పండి. ఆకుమచ్చ అని కార్బెండజిమ్ ఇచ్చారు, అదే కొట్టా.

చేనుగట్టు: అది శిలీంద్రానికి. బాక్టీరియా మీద పని చేయదు.

పచ్చాకు: బాక్టీరియా అని చూడకుండానే ఎలా తేల్చారు? ఆల్టర్నేరియా అనే శిలీంద్రం వల్ల వచ్చేది కూడా ఆకుమచ్చే కదా.

విత్తనశుద్ధి: రెండూ ఒకటి కాదండీ. ఆల్టర్నేరియా మచ్చ గుండ్రంగా, లోపల వలయాలతో ఉంటుంది. బాక్టీరియాది ఈనెల మధ్య ఇరుక్కుని కోణాలుగా ఉంటుంది. మొదట్లో ఆకును వెలుగుకు ఎత్తి చూస్తే నీళ్లు నానినట్టు కనిపిస్తుంది. ముదిరితే కొమ్మ నల్లబడుతుంది, కాయ మీద గుంట మచ్చలు పడతాయి.

నల్లరేగడి: కోణాలుగానే ఉన్నాయి. కొన్నింటికి ఈనె పొడవునా నలుపు. వారం నుంచి ముసురు.

చేనుగట్టు: ముసురు సంగతి మొదటే చెప్పాల్సింది. తెరిపి ఇచ్చాక కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు, ఆకు అడుగు కూడా తడవాలి. పడిన మచ్చ పోదు, కొత్త ఆకు నిలుస్తుంది. తడి ఆరకుండా చేలో తిరగొద్దు. యూరియా ఆపండి.

పచ్చాకు: స్ట్రెప్టోసైక్లిన్ (బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్) కలపకుండా కాపర్ ఒక్కటే చాలదు.

విత్తనశుద్ధి: మనుషుల జబ్బులకు వాడే యాంటీబయాటిక్‌ను చేలో చల్లితే దానికి లొంగని బాక్టీరియా పెరుగుతుంది. కొన్ని దేశాల్లో ఇప్పటికే వద్దన్నారు. దయచేసి ఆ సలహా ఇవ్వకండి.

పచ్చాకు: పంట పోతే ఎవరిస్తారండీ?

విత్తనశుద్ధి: తట్టుకునే రకం వేసి, పంట మార్చి ఉంటే ఇంతవరకూ రాదు కదా.

నల్లరేగడి: కాపర్ తెచ్చా, రేపు వాన లేకపోతే కొడతా. థ్యాంక్స్ అన్నా.

తెల్లబంగారం: మా చేలో ఆకు బాగానే ఉంది, కాయ మీదే నీటి మచ్చలు. ఇదీ అదేనా?