అరిగిన గడప, అరిగిన సంగటి

మొన్న ఇక్కడ ఒకరు అడిగినారు: ఇంటి బాడుగ కాగితంలో ‘వేర్ అండ్ టేర్’ (మామూలు వాడకంతో వచ్చే అరుగుదల) అని రాస్తారే, దాన్ని తెలుగులో ఏమనాలి అని. ‘అరుగూ చిరుగూ’ అంటే చాలు, ప్రాస కూడా కుదిరింది.

ఆ ‘వేర్’ అంటే నాకు ఎప్పటినుంచో ఇష్టం. పాత ఇంగ్లీషులో దానికి బట్ట కట్టుకోవడం అనే అర్థం. కట్టగా కట్టగా బట్ట పలచబడుతుంది కదా, ఆ పలచబడడమే రెండో అర్థమైంది. ఒంటి మీద పుట్టిన మాట, చెప్పులకూ బండి టైర్లకూ పాకింది.

మన ‘అరుగు’ దారి వేరు. మా కడపలో పాత ఇళ్ల బండ గడపలు కాళ్లు పడీపడీ నడిమధ్య పల్లమై ఉంటాయి (తిరుమలకు తొలి గడప అని పేరున్న ఊరు కదా మాది). గడప అరిగిందంటాం. రాగిసంగటి తిని లేస్తే మా అవ్వ ‘అరిగిందా నాయనా’ అని అడిగేది. రాయికీ కడుపుకూ ఒకటే క్రియ! సంస్కృతంలోనూ అంతే. గీతలో ‘వాసాంసి జీర్ణాని’ అంటే పాతబడిన బట్టలు, అన్నం అరగకపోతే అజీర్ణం, పాతగుడిని బాగుచేస్తే జీర్ణోద్ధరణ. ముసలితనాన్ని చెప్పే ‘జర’ కూడా ఈ ‘జీర్ణ’ పుట్టిన ధాతువుదే.

లాటిన్‌లో ‘తెరెరె’ అంటే రుద్దడం. ఇంగ్లీషు ‘ట్రైట్’ అందులోంచి వచ్చిందే: పదిమంది నోళ్లలో నలిగి అరిగిన మాట.

ధర్మవరం నుంచి ఒక తమ్ముడి జవాబు:
అన్నా, మరి ‘వాడు’ సంగతేంది? వస్తువును వాడతాం, పువ్వు వాడుతుంది. వేర్ మాదిరే వాడగా వాడగా వాడిపోయిందా? ఇంకోటి. మాది నేతపని ఇల్లు. పాత పట్టుచీర మడతల్లో విడిపోతే ‘పిగిలింది’ అంటాం, చిరిగింది అనం.

నా జవాబు:
తమ్ముడూ, పువ్వు వాడడానికి తమిళంలో ‘వాడు’, కన్నడంలో ‘బాడు’ ఉన్నాయి. ఆ రెంటిలో వాడిపోవడమే ఉంది, వాడుకోవడం లేదు. అందుకే వాటిని రెండు వేర్వేరు మాటలుగానే చూస్తాను. పిగలడం మాత్రం భలే పట్టినావు. చిరగాలంటే మేకు తగలాల, ఎవరన్నా లాగాల. పిగలడానికి ఎవరూ అక్కర్లేదు, పోగులో సత్తువ పోతే చాలు. బాడుగ కాగితం చెప్పేదీ అదే కదా, ఉన్నవాళ్ల తప్పు లేకుండా జరిగే నష్టమని. నా ‘చిరుగు’ను వెనక్కి తీసుకుంటున్నా. ‘అరుగూ పిగులూ’ అని రాసుకోండి.