ఆలిస్ వోయినెస్కును తత్వవేత్త అనొచ్చా?

పాత అట్ట:
రొమేనియా రచయిత్రి ఆలిస్ వోయినెస్కు (1885–1961) గురించి ఈమధ్య చదువుతున్నాను. బుకారెస్ట్‌లో తత్వశాస్త్రం చెప్పిన విమర్శకుడు తితు మయోరెస్కు శిష్యురాలు. జర్మనీలోని మార్బర్గ్‌లో కాంట్‌ను కొత్తగా వ్యాఖ్యానించిన బృందానికి పెద్ద అయిన హెర్మన్ కోహెన్ పాఠాలు విని, జర్మన్ తత్వవేత్త కాంట్‌ను ఆ మార్బర్గ్ వాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారన్న దాని మీద 1913లో పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో డాక్టరేట్ తీసుకుంది. రొమేనియా ఆడవాళ్ళలో తత్వశాస్త్రంలో ఆ పట్టా అందుకున్నది మొదట ఆమే. పారిస్‌లో ఉండిపోయే వీలున్నా తిరిగొచ్చేసింది.

సరే, ఆ తర్వాత? పదహారో శతాబ్దపు ఫ్రెంచి వ్యాసకర్త మాంటేన్ మీద ఒక పుస్తకం (1936), సమకాలీన నాటకం మీద ఒకటి (1941), ప్రాచీన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ మీద ఒకటి (1946). కాంట్ ఊసు లేదు. ఇవాళ అక్కడి పాఠకులు ఆమెను తలుచుకునేది 1997లో అచ్చయిన డైరీ వల్లే. నన్నడిగితే ఆవిడ మంచి వ్యాసకర్త, గొప్ప డైరీ రచయిత్రి. తత్వవేత్త అనడం మాత్రం మొహమాటానికి ఇచ్చే బిరుదు.

కృష్ణవేణి టీచర్:
పాత అట్ట గారూ, కాంట్‌ను వదిలేసిందని తేల్చే ముందు, ఆమెకు ఎక్కడ కూర్చోవడానికి చోటిచ్చారో చూడండి. సోర్బాన్ పట్టా ఉన్నా బుకారెస్ట్ యూనివర్సిటీ ఫిలాసఫీ శాఖలో ఆమెకు కుర్చీ దొరకలేదు. 1922లో దొరికింది కన్సర్వేటరీలో, అంటే సంగీత నాటక కళాశాలలో. 1948 దాకా అక్కడే నటులకు నాటక చరిత్ర, సౌందర్యశాస్త్రం చెప్పింది. ఎదురుగా ఉన్న పిల్లలకు ఏది పనికొస్తే మేష్టారు దాని మీదే రాస్తారు. ఎస్కిలస్ మీద రాయక కాంట్ మీద ఎవరికోసం రాస్తుంది?

చలిమర:
అంతా సంస్థల మీదికి నెట్టేస్తే ఆవిడకంటూ ఇష్టాయిష్టాలు లేవన్నట్టు అవుతుంది కదండీ. రష్యన్ రచయిత పాస్టర్నాక్ కూడా 1912లో మార్బర్గ్ వెళ్ళి అదే కోహెన్ దగ్గర చదివాడు, ఫిలాసఫీ వదిలేసి కవిత్వంలోకి వచ్చేశాడు. అయ్యో పాపం అని ఎవరూ అనలేదు. ఈవిడకు నాటకం నిజంగానే నచ్చి ఉండొచ్చు. రేడియోలో ప్రసంగాలు చేసింది. ఫ్రాన్స్‌లో పొంతిన్యీ మఠంలో ఏటా వేసవిలో పదేసి రోజులు జరిగే సభలకు వెళ్ళి రచయిత ఆంద్రె జీద్ లాంటి వాళ్ళతో కూర్చుని మాట్లాడింది. తలుపులు మూసేసిన జీవితం లాగా లేదు.

రాతిగోడ:
మీరెవరూ నయె ఇయొనెస్కు పేరు ఎత్తలేదేం? రెండు యుద్ధాల మధ్య అదే బుకారెస్ట్ యూనివర్సిటీలో తర్కం, మెటాఫిజిక్స్ చెప్పిన ఆసామి. తర్వాత పేరున్న రచయితలూ ఆలోచనాపరులూ అయిన మిర్చా ఎలియాదె, చొరాన్, నోయికా లాంటి వాళ్ళంతా ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళే. ఆయన బతికుండగా తెచ్చిన తత్వశాస్త్ర గ్రంథం ఏదో చెప్పండి చూద్దాం. 1937లో ఒక పుస్తకం వచ్చింది, అది పత్రికల్లో రాసిన వ్యాసాల సంకలనం, దాన్నీ కూర్చింది శిష్యుడు ఎలియాదె. పాఠాలు పుస్తకాలయింది 1940లో ఆయన పోయాక, విద్యార్థులు రాసుకున్న నోట్సులోంచి. పైగా ఐరన్ గార్డ్ అనే ఫాసిస్టు ఉద్యమ రాజకీయాలకు వత్తాసు పలికాడు. అయినా రొమేనియా తత్వశాస్త్ర చరిత్ర ఏది తెరిచినా ఆయనకు ఒక అధ్యాయం ఉంటుంది, "తత్వవేత్తేనా" అని ఎవరూ అడగరు. క్లాసులో నోటితో చెప్పింది ఆయన విషయంలో తత్వశాస్త్రం అయితే, ఇరవై ఆరేళ్ళు ఆమె చెప్పింది ఏమవుతుంది? కొలిచే తూకపు రాళ్ళు ఇద్దరికీ ఒకటే ఉండాలి.

పాత అట్ట:
వాదన బాగుంది, ఒప్పుకోను. ఇయొనెస్కు పాఠాలు ఇప్పుడు అచ్చులో ఉన్నాయి, చదివి తిట్టొచ్చు, మెచ్చుకోవచ్చు. అక్కడ ఒక వాదం ఉంది. వోయినెస్కు డైరీలో ఉన్నది బాధ. 1915లో లాయర్ స్టెల్లో వోయినెస్కును పెళ్ళి చేసుకుంది, సుఖపడింది లేదు. 1940లో ఆయన పోయాక కూడా డైరీలో ఆయన్నే పలకరిస్తూ రాసింది. మనసు కరిగిపోతుంది, నిజమే. కరిగిపోవడం వేరు, తత్వశాస్త్రం వేరు.

కృష్ణవేణి టీచర్:
మాంటేన్ ఏం చేశాడండీ? తన కిడ్నీలో రాళ్ళ గురించి కూడా రాసుకున్నాడు. అతను తత్వవేత్తే. అతని మీద పుస్తకం రాసిన మనిషికి తన జీవితాన్నే పరీక్షకు పెట్టడం అంటే ఏమిటో తెలియదా? ఆ డైరీ కూడా ఏదో కన్నీళ్ళు వచ్చినప్పుడు రాసుకున్నది కాదు. 1929లో నవలాకారుడు రోజె మార్తాఁ దు గార్ మొదలుపెట్టమన్నాడు, మొదలుపెట్టింది, ఏళ్ళ తరబడి వదల్లేదు.

వేపచెట్టు:
దారి మళ్ళిస్తున్నానేమో. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉద్యోగంలోంచి తీసేసింది. తర్వాత ఏడాదీ ఏడు నెలలు జిలావా, గెంచా జైళ్ళు. ఆపైన 1954 దాకా కోస్తెష్తి అనే పల్లెలో నిర్బంధం. అప్పటికి వయసు డెబ్బైకి దగ్గర. ఇవన్నీ మానేసి "కాంట్ మీద రెండో పుస్తకం ఏదీ" అని అడగడం నాకు ఎబ్బెట్టుగా ఉంది.

పాత అట్ట:
వేపచెట్టు గారూ, లెక్క చూడండి. పట్టా వచ్చింది 1913లో, ఉద్యోగం పోయింది 1948లో. మధ్యలో ముప్ఫై అయిదేళ్ళు. జైలు ఆ ముప్ఫై అయిదేళ్ళకు సంజాయిషీ కాదు.

రాతిగోడ:
కాదు, ఆ మాట వరకు మీదే పైచేయి. కానీ పిల్లలు లేని ఈ మనిషి "కొడుక్కీ కూతురికీ ఉత్తరాలు" అని ఒక పుస్తకం రాసి వదిలింది, 1994లో వచ్చింది. లేని పిల్లలకు, ఎలా బతకాలి అని. రోమన్ తత్వవేత్త సెనెకా ఉత్తరాలను ఫిలాసఫీ సిలబస్‌లో పెట్టి, వీటిని సాహిత్యం అలమరాలో ఎందుకు పెట్టాలో మీరే చెప్పండి. డైరీని పక్కనుంచండి, దీనికి జవాబివ్వండి.

పాత అట్ట:
ఉత్తరాల సంగతి తేలాలంటే లోపల వాదం ఉందా, ఉపదేశం ఉందా అన్నది చూడాలి. సెనెకా ఉత్తరాల్లో, కష్టసుఖాలకు చలించకుండా బతకమనే స్టోయిక్ సిద్ధాంతం వెన్నెముకలా ఉంటుంది. ఈవిడ ఉత్తరాల్లో మార్బర్గ్ ఛాయ ఎక్కడైనా కనిపిస్తే ఆ పేజీలు ఇక్కడ పెట్టండి, మాట్లాడదాం. అప్పటిదాకా నా ఓటు వ్యాసకర్తకే.