సముద్రపు పిట్టల్ని పోటు వేళ చూడాలా, ఆటు వేళ చూడాలా?

పటమట: ఈ శీతాకాలం విజయవాడ నుంచి సూర్యలంక, అట్నుంచి నిజాంపట్నం మడ అడవుల వైపు ట్రిప్పు వేద్దామనుకుంటున్నాం. పోటు వేళకు, అంటే నీరు ఒడ్డుకు ఎక్కినప్పుడు చేరితే ఉల్లంకి పిట్టలన్నీ (ఒడ్డు బురదలో ఏరుకు తినే పిట్టలు) ఒకేచోట దొరుకుతాయి, ఫొటోలు బాగా వస్తాయని కొందరంటున్నారు. ఆ టైముకు అసలు వెళ్లొద్దని ఇంకొందరు. మీరేమంటారు?

బ్రాడీపేట: పోటు వేళకే వెళ్లండి. ఆదివారం సూర్యలంకలో బోలెడు మంది స్నానాలు చేస్తారు, జాలర్లు రోజూ ఆ ఇసుకలోనే నడుస్తారు. మనం నలుగురం వెళ్తే పిట్టలకు కొత్తగా వచ్చే కష్టమేంటి? దగ్గరగా చూస్తేనే వాటి మీద ప్రేమ పుడుతుంది. మన ఉప్పలపాడే చూడండి. ఊరి చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు జనం మధ్యే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి.

బాపట్ల: ఉప్పలపాడుతో పోలిక కుదరదండీ. అక్కడ మనకీ పిట్టలకీ మధ్య నీళ్లున్నాయి, మనం గట్టు మీదే ఆగిపోతాం. పైగా ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటున్నారు. సముద్రం ఒడ్డున ఆ అడ్డు లేదు.

ఉల్లంకి పిట్టకు పగలూ రాత్రీ లెక్క కాదు, నీళ్లే లెక్క. ఆటుకు బురద బయటపడితే పురుగులు, చిన్న పీతలు ఏరుకు తింటుంది, అర్ధరాత్రయినా సరే. పోటుకు ఆ బురదంతా మునుగుతుంది. అప్పుడు మిగిలిన కాస్త పొడి ఇసుక మీద అన్నీ చేరి, ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి నిద్రపోతాయి. ఫొటోకు బాగుంటుందంటున్న గుంపు అదే. లేపితే దిగడానికి వేరే చోటు దొరక్క నీళ్ల మీదే చుట్లు కొడతాయి. ఈ ఉల్లంకుల్లో ఒకటైన కర్ల్యూ శాండ్‌పైపర్ గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరాన, టండ్రాలో. వేసవి మొదట్లో దాని పొట్ట ఇటుక రంగుకు తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆ ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి. మనం లేపిన ప్రతిసారీ ఆ కొవ్వు కరిగిపోతుంది.

జాలర్లంటారా, వాళ్లు తమ వల దగ్గరికో పడవ దగ్గరికో తిన్నగా పోతారు. పిట్టలు నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ నిలబడతాయి. అదే ఒక మనిషి కెమెరా పట్టుకుని వంగి వంగి వాటి మీదకే వస్తుంటే గుంపంతా ఒక్కసారి లేస్తుంది. నేను ఎప్పుడూ చూసేదే. డ్రోన్ మాట ఎత్తొద్దు.

పటమట: అయితే ఫొటోలు మానుకోమంటారా?

బాపట్ల: అక్కర్లేదు. నీరు తీయడం మొదలయ్యాక వచ్చి, తడి ఇసుకకు ఎడంగా కదలకుండా కూర్చోండి. నీరు తగ్గేకొద్దీ అవే తింటూ మీ వైపు వస్తాయి. చిన్న ప్లోవర్ అనే ఒడ్డు పిట్ట గబగబా పరుగెత్తి, ఠక్కున ఆగి, ముక్కుతో ఒక్కసారి పొడిచి, మళ్లీ పరుగందుకోవడం అప్పుడు చూడాలి. బయల్దేరే రోజు టైము మాత్రం చూసుకోండి, పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది.

బ్రాడీపేట: పెద్దవాళ్లకు సరే. పిల్లలు అంతసేపు కదలకుండా కూర్చోరు. ఇన్ని షరతులు పెడితే కొత్తవాళ్లెవరూ రారు. ఆ గుంపును చూపిస్తేనే పిల్లలకు గుర్తుంటుందని నా పట్టుదల.

బాపట్ల: దూరం నుంచి స్కోప్‌లో (పిట్టల్ని చూసే దూరదర్శినిలో) చూపిస్తే పోటు వేళైనా నాకు పేచీ లేదు. నిద్రపోతున్న పిట్ట తలెత్తిందంటే మీరు మరీ దగ్గరికొచ్చినట్టు. వెంటనే వెనక్కి రావాలి.

పటమట: మా ట్రిప్పు ఆటుకే పెడుతున్నాం. విజయవాడలో ఎవరి దగ్గరైనా స్కోప్ ఉంటే చెప్పండి.